పోయింది మనది, జరిమానా సర్కారుది

(మన బతుకులు, మన చట్టాలు – 14వ భాగం)



ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఫోను కంపెనీ దగ్గరున్న మీ సమాచారం ఆ కంపెనీ నిర్లక్ష్యం వల్ల పోయిందనుకోండి. మీరు దాచుకున్న ఫొటోలు చెరిగిపోయి ఉండొచ్చు. సిమ్ము కోసం ఇచ్చిన ఆధార్, చిరునామా ఎవడి చేతుల్లోనో పడి ఉండొచ్చు. అప్పుడు ఆ కంపెనీ మీకు ఎంత ఇవ్వాలి?

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పే జవాబు: మీకు సున్నా. కంపెనీ మీద 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కానీ 34వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బంతా భారత సంఘటిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు పోతుంది. పోగొట్టుకున్న మనిషికి అందులో ఒక్క రూపాయి కూడా రాసిపెట్టలేదు.

ఇది చదువుకున్న వాళ్ల గొడవ, ఐటీ వాళ్ల గొడవ, మన పల్లెలకి దీంతో ఏం పని అనుకునే వాళ్ల కోసమే ఈ భాగం.

ముందు ఒక పాత సంగతి. 2009 అక్టోబరులో అమెరికాలో టీ-మొబైల్ అనే కంపెనీకి ఒక పెద్ద కష్టం వచ్చింది. ఆ కంపెనీ సైడ్‌కిక్ అనే ఫోను అమ్మేది. ఆ ఫోనులోని నంబర్లు, ఫొటోలు, క్యాలెండరు అన్నీ ఫోనులో కాకుండా కంపెనీ సర్వర్లలో ఉండేవి. ఆ సర్వర్లు నడిపేది మైక్రోసాఫ్ట్ 2008లో కొనుక్కున్న ఒక చిన్న కంపెనీ. దాని పేరే డేంజర్. ఒకరోజు ఆ సర్వర్లు దెబ్బతిన్నాయి. మీ సమాచారం దాదాపు పోయినట్టేనని అక్టోబరు 10న ప్రకటించారు. లక్షల మంది లబోదిబోమన్నారు. అప్పుడు కంపెనీ అందరికీ ఒక నెల డేటా చార్జీ మాఫీ చేస్తామంది. శాశ్వతంగా నష్టపోయిన వాళ్లకి 100 డాలర్ల కార్డు ఇస్తామంది. మరి కొన్ని రోజులకి చాలావరకు సమాచారం తిరిగి తీయగలిగామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అయినా జనం కోర్టులకి వెళ్లారు.

100 డాలర్లు ఎక్కువా, తక్కువా అన్నది వేరే చర్చ. అక్కడ కంపెనీ ఒక విషయం ఒప్పుకోక తప్పలేదు. పోయింది ఖాతాదారుడిది కాబట్టి ఇవ్వాల్సింది కూడా ఖాతాదారుడికే. 2009లో ఒక ప్రైవేటు కంపెనీకి తట్టిన ఈ మాట 2023లో మన చట్టం రాసిన వాళ్లకి ఎందుకు తట్టలేదు?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన ఫోనులో ఏముంటుంది?

నేను పాఠం చెప్పే క్లాసులో చాలామంది పిల్లల ఇళ్లలో బీరువా లేదు. కాగితాలు దాచుకునే చోటు ఫోనే. కుల ధ్రువీకరణ పత్రం ఫొటో, రేషన్ కార్డు, అమ్మ ఉపాధి హామీ జాబ్‌కార్డు, స్కాలర్‌షిప్పు దరఖాస్తు నంబరు, హాల్‌టికెట్టు, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ, కువైట్ వెళ్లిన అమ్మ పంపిన వాయిస్ మెసేజీలు అన్నీ అందులోనే ఉంటాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడినప్పుడు నడుముల్లోతు నీళ్లలో జనం ముందుగా పైకెత్తి పట్టుకున్నది పిల్లల్నీ ఫోన్లనూ. ఆ ఫోటోలు చూసి కొందరు నవ్వుకున్నారు. ఆ చేతిలో ఉన్నది వస్తువు కాదని, ఆ ఇంటి దస్తావేజుల పెట్టె అని వాళ్లకి అర్థం కాలేదు.

భూమి ఉన్నవాడికి రిజిస్ట్రారు ఆఫీసులో అతని తాత పేరు ఉంటుంది. పెద్ద కులాల వాళ్లకి వంశ చరిత్రలు అచ్చయి గ్రంథాలయాల్లో ఉన్నాయి. మనకేముంది? కారంచేడు, చుండూరు గురించి మన వాళ్ల నోట విన్న మాటలు, పెద్దవాళ్ల పాటలు, చనిపోయిన వాళ్ల ఫొటోలు ఈ తరానికి వచ్చేసరికి ఫోన్లలోకి చేరాయి. పరిశోధన చేసే రోజుల్లో పామర్రు వైపు ఒక పల్లెలో ఒక ముసలమ్మ దగ్గర నాట్ల పాటలు రికార్డు చేశాను. నెలకింత అని డబ్బు కట్టి ఒక కంపెనీ వాళ్ల నిల్వలో దాచాను. ఒకరోజు ఆ నిల్వ దెబ్బతింది. కంపెనీ నుంచి రెండు లైన్ల మెయిలు వచ్చింది: అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీరు కట్టిన రెండు నెలల రుసుము తిరిగి జమ చేస్తున్నాం. అప్పటికే ఆ అమ్మ చనిపోయింది. ఆ పాటలు ఆమెతోనే పోయాయి. కంపెనీ లెక్కలో మాత్రం నా నష్టం రెండు నెలల రుసుము. ఈ లెక్క కట్టే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు అన్నదే అప్పటి నుంచి నా మనసులో ఉన్న ప్రశ్న.

జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. మన మాట మోసేవాడు ఎవడన్నది మనకి ఎప్పుడూ పెద్ద ప్రశ్నే. ఇవాళ మన మాట మోసేది ఫోను కంపెనీ. మోసినందుకు ముందుగానే రీఛార్జి కట్టించుకుంటుంది. దారిలో పారేసుకుంటే మాత్రం జవాబుదారీ లేదు.

పోవడం రెండు రకాలు. ఒకటి, చెరిగిపోవడం. రెండోది, బయటికి పోవడం, అంటే పరాయి వాడి చేతిలో పడడం. 2023 చట్టం ఈ రెండింటినీ 'డేటా ఉల్లంఘన' కిందే లెక్కపెట్టింది. సమాచారం నాశనమైనా, అది మనకి అందకుండా పోయినా, అనుమతి లేకుండా ఇంకొకరికి చేరినా ఉల్లంఘనే. నిర్వచనం బాగుంది. నష్టం ఏమిటో చట్టానికి తెలుసన్నమాట. నష్టపోయిన మనిషే చట్టానికి కనపడలేదు.

బయటికి పోతే ఏమవుతుంది? మామూలు మనిషికి లోన్ల ఫోన్లు, మోసగాళ్ల మెసేజీలు వస్తాయి. మనకి వాటితో పాటు ఇంకో బెడద ఉంది. విజయవాడలో అద్దె ఇల్లు వెతుక్కున్న ప్రతి దళితుడికీ "మీరేమిట్లు?" అనే ప్రశ్న తెలుసు. ఇప్పుడు ఆ ప్రశ్న నోటితో అడగక్కర్లేదు. ఫోను కంపెనీ దగ్గర కులం అనే గడి లేకపోవచ్చు. చిరునామా ఉంటుంది. అంబేద్కర్ కాలనీ, అరుంధతీ నగర్, ఫలానా పేట అని చిరునామా ఉంటే మన ప్రాంతంలో కులం వేరే చెప్పాలా? తండ్రి పేరు ఏసురత్నం అని ఉంటే ఇంకేం చెప్పాలి?

డెల్టాలో ఇంకో భయం కూడా ఉంది. మన వాళ్లలో చాలామంది ఆదివారం చర్చికి వెళతారు, కాగితాల్లో ఎస్సీలుగా ఉంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి మీకు తెలుసు. క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి ఎస్సీ హోదా వర్తించదని, అత్యాచారాల నిరోధక చట్టం అక్కరకు రాదని 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో చెప్పింది. ఇలాంటి చోట ఒక ప్రార్థన గ్రూపు సభ్యుల జాబితా బయటికి పోతే అది ఒక కుటుంబం ఉద్యోగానికీ, ఒక అత్యాచారం కేసుకీ ఎసరు పెట్టగలదు. ఈ నష్టానికి 'అసౌకర్యం' అని పేరు పెడితే ఒప్పుకుందామా?

ఇది ఊహ అనుకోకండి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1 లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, ఫోను నంబర్లు, వాటి పక్కనే కులం, మతం ఎవరైనా చూసేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం, మతం ఆధారంగా ఇళ్లు ఎక్కడున్నాయో గుర్తించే వీలు కూడా ఉందని అప్పట్లో పత్రికలు రాశాయి. గొడవ కాగానే ఆ వివరాలు తీసేశారు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పేదవాడి కులం, బ్యాంకు ఖాతా కలిపి వీధిలో పెట్టినందుకు ఆ లక్షా 34 వేల మందిలో ఎవరికి ఎంత పరిహారం ఇవ్వాలన్న చర్చే మన దగ్గర జరగలేదు.

ప్రభుత్వం సంగతి అలా ఉంటే కంపెనీల సంగతి చూద్దాం. మూడు సందర్భాలు చెబుతాను.

మొదటిది ఒక్క రూపాయి కథ. మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే ఖాతాదారుడికి కాల్‌కి ఒక రూపాయి చొప్పున, రోజుకి మూడు రూపాయలు మించకుండా ఇవ్వాలని 2015 అక్టోబరులో ట్రాయ్ నిబంధన పెట్టింది. 2016 జనవరి 1 నుంచి అమలు కావాలి. కంపెనీలన్నీ కలిసి కోర్టుకెళ్లాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. తప్పు కంపెనీదేనని తేల్చకుండా డబ్బు కట్టమనడం సబబు కాదన్నది. ఒక్క రూపాయి కూడా మన జేబులోకి రాలేదు.

రెండోది 2017 నాటిది. సిమ్ముకి ఆధార్ కలపడానికి వెళ్లిన ఎయిర్‌టెల్ ఖాతాదారుల పేరు మీద వాళ్లకి సరిగ్గా తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారని ఫిర్యాదులు వచ్చాయి. గ్యాసు సబ్సిడీ ఆ ఖాతాల్లోకి పోయింది. పాత బ్యాంకు ఖాతాలో సబ్సిడీ పడలేదని తిరిగిన ఆడవాళ్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. సుమారు 31 లక్షల మందికి చెందిన 190 కోట్ల రూపాయల దాకా తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆధార్ సంస్థ రెండున్నర కోట్లు మధ్యంతర జరిమానా కట్టించుకుంది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు 5 కోట్ల జరిమానా వేసింది. లెక్క చూడండి. ఆధార్ సంస్థకి జరిమానా వచ్చింది, రిజర్వు బ్యాంకుకి జరిమానా వచ్చింది. మనకి వచ్చింది మన గ్యాసు డబ్బు మాత్రమే. మనది మనకి తిరిగి ఇవ్వడాన్ని పరిహారం అనరు.

మూడోది బీఎస్ఎన్ఎల్. ఆ సంస్థ వ్యవస్థలోకి చొరబాటు జరిగి ఉండొచ్చని 2024 మే 20న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ చెప్పింది. ఒక సర్వరులో ఉన్న సమాచారం, బయట దొరికిన నమూనాతో పోలి ఉందని ఆ జులైలో కేంద్రం లోక్‌సభకి రాతపూర్వకంగా చెప్పింది. ఆ జవాబిచ్చిన సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ కృష్ణ అవతల ఒడ్డునున్న గుంటూరు ఎంపీయే. ప్రధాన నెట్‌వర్కు రిజిస్టరులోకి చొరబాటు జరగలేదని కూడా ఆ జవాబులో ఉంది. సంతోషం. కానీ ఈ జవాబు వెళ్లింది సభకి. దివిసీమలో ఆ సిమ్ము వాడే రైతు కూలీకి నేరుగా ఏం చెప్పాలి, ఏం ఇవ్వాలి అన్న మాట అందులో లేదు.

ఇప్పుడు చట్టం ఎలా మారిందో చూడండి. ఇది కొంచెం ఓపికగా చదవండి.

సమాచార సాంకేతిక చట్టంలో 43-ఎ అనే సెక్షన్ ఉంది. 2009 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. సైడ్‌కిక్ గొడవ కూడా సరిగ్గా ఆ నెలలోనే జరిగింది. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో కంపెనీ నిర్లక్ష్యం చేసి, దానివల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆ మనిషికి పరిహారం చెల్లించాలని ఆ సెక్షన్ చెబుతుంది. 5 కోట్ల రూపాయల లోపు దావాలను రాష్ట్ర ఐటీ కార్యదర్శి విచారించాలి. లోపాలు చాలానే ఉన్నాయి. 2011 నిబంధనల్లో ఇచ్చిన 'సున్నితమైన సమాచారం' జాబితాలో పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రల వంటివి ఉన్నాయి. కులం లేదు. ఈ దేశంలో కులం సున్నితమైన సంగతి కాదట!

2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తయారుచేసిన ముసాయిదాలో ఈ తప్పు దిద్దారు. అందులోనూ, 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులోనూ సున్నితమైన సమాచారం జాబితాలో 'కులం లేదా తెగ' చేరింది. నష్టపోయిన మనిషి పరిహారం అడిగే హక్కు కూడా రెండింట్లోనూ ఉంది. ఆ బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023లో కొత్త చట్టం వచ్చింది. అందులో సున్నితమైన సమాచారం అనే విభజనే లేదు. కులం మాట పోయింది, పరిహారం మాట పోయింది. పైగా పాత చట్టంలోని 43-ఎని తొలగిస్తూ 44వ సెక్షన్‌లో ఒక వాక్యం రాశారు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అక్కడి నుంచి 18 నెలల్లో ప్రధాన భాగాలన్నీ అమల్లోకి వస్తాయి. అప్పుడు ఆ పాత తలుపు కూడా మూసుకుపోతుంది.

ఇంకో సంగతి వినండి. ఈ చట్టం పౌరుడికి కూడా కొన్ని విధులు పెట్టింది. తప్పుడు ఫిర్యాదు, పసలేని ఫిర్యాదు చేస్తే 10 వేల రూపాయల దాకా జరిమానా. అంటే మన సమాచారం పోగొట్టుకుని, ఫిర్యాదు చేసి, గెలిచినా మనకి రూపాయి రాదు. ఫిర్యాదులో పస లేదని తేలితే మాత్రం మన చేతి నుంచే 10 వేలు పోవచ్చు. కూలికి పోయే మనిషి ఏ ధైర్యంతో ఫిర్యాదు చేస్తాడు?

ఈ మాటలకి అటువైపు వాళ్లు చెప్పే జవాబులు నాకు తెలుసు. వాటికి విలువ ఇచ్చే మాట్లాడదాం.

ఒకటి: సమాచారానికి వెల కట్టలేం, ఎవరికి ఎంత నష్టమో తేల్చలేం అంటారు.

వెల కట్టలేని నష్టాలకి పరిహారం లెక్క కట్టడం దళితులకి కొత్త కాదు. మానం, ప్రాణం పోయిన చోట కూడా లెక్క కట్టక తప్పలేదు మనకి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 నిబంధనల్లో ఒక పట్టిక ఉంది. ఏ నేరానికి ఎంత, ఏ దశలో ఎంత అని అందులో రాసి ఉంది. 2016 సవరణ తర్వాత 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉంది. కొంత ఎఫ్ఐఆర్ దశలోనే, కొంత ఛార్జిషీటు దశలో, మిగతాది తీర్పు దశలో. ఏడు రోజుల్లో ఉపశమనం అందాలని కూడా రాశారు. అమలులో ఎన్ని ఎగవేతలు ఉన్నాయో మనందరికీ తెలుసు. అయినా ఆ పట్టికలో ఉన్న సూత్రం గొప్పది. బాధితుడు తన బాధకి రేటు రుజువు చేసుకోనక్కర్లేదు. నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు. ముందు ఉపశమనం, తర్వాత విచారణ.

వరద సంగతీ అంతే. 2024 వరదల తర్వాత విజయవాడలో కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. నీ మంచం ఎంత, నీ టీవీ ఎంత, బిల్లు చూపించు అని అడగలేదు. నీళ్లు వచ్చాయా లేదా అన్నదే చూసింది. జాబితాలో పేరు రాని వాళ్లు కలెక్టరేటు చుట్టూ తిరిగిన మాట నిజమే. కానీ లెక్క కట్టే పద్ధతి మాత్రం మన కళ్ల ముందే ఉంది. బుడమేరు నీటికి పట్టిక వేయగలిగిన రాజ్యం సర్వరు నుంచి పారిపోయిన సమాచారానికి పట్టిక వేయలేదా?

రెండు: పరిహారాలు మొదలుపెడితే కంపెనీలు మునిగిపోతాయి, రీఛార్జి ధరలు పెరుగుతాయి అంటారు.

పరిహారం ఇవ్వకపోయినా 2024 జులైలో పెద్ద కంపెనీలన్నీ రీఛార్జి ధరలు పెంచాయి కదా. పైగా ప్రపంచంలో ఇచ్చిన వాళ్లు మునగలేదు. టీ-మొబైల్‌లోనే 2021లో సుమారు 7.6 కోట్ల మంది సమాచారం బయటికి పోయింది. ఆ కేసులో 2022లో 35 కోట్ల డాలర్లకి రాజీపడింది. ఆ కంపెనీ ఇంకా నడుస్తోంది. దక్షిణ కొరియాలో 2025 ఏప్రిల్‌లో ఎస్‌కే టెలికామ్ నుంచి సుమారు 2.3 కోట్ల మంది సిమ్ము సమాచారం పోయింది. కంపెనీ సిమ్ములు ఉచితంగా మార్చింది. ఆగస్టు బిల్లులో సగం తగ్గించింది. ప్రభుత్వ కమిషన్ దాదాపు 13,480 కోట్ల వన్‌ల జరిమానా వేసింది. అక్కడ జరిమానా, ఖాతాదారుడికి తగ్గింపు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఐరోపా డేటా చట్టంలోని 82వ అధికరణం డబ్బు నష్టానికే కాదు, మనసుకి కలిగిన నష్టానికి కూడా పరిహారం అడగవచ్చంటుంది.

మూడు: జాగ్రత్త మీదే, ఇంకో చోట నకలు దాచుకోవాలి కదా అంటారు.

ఈ మాట చెప్పేవాడికి ల్యాప్‌టాప్ ఉంటుంది, ఇంట్లో వైఫై ఉంటుంది. కంకిపాడులో కూలికి పోయే అమ్మకి ఒకే ఫోను, అదీ కొడుకు వాడి వదిలేసింది. ఇంకో చోటు ఎక్కడిది? ఒక పోలిక చూడండి. మన కాల్ రికార్డులు, అంటే ఎవరికి ఎప్పుడు ఫోను చేశామన్న లెక్కలు, కనీసం రెండేళ్లు భద్రంగా ఉంచాలని 2021 డిసెంబరులో కేంద్రం కంపెనీల లైసెన్సు షరతులు మార్చింది. పోలీసు అడిగితే ఇవ్వడానికి. అది మాత్రం భద్రంగానే ఉంచుతారు. అంటే భద్రంగా ఉంచడం వాళ్లకి చేతకాని పని కాదు. అడిగేవాడికి అధికారం ఉందా లేదా అన్నదే తేడా.

ఇంకో ఉదాహరణ ట్రాయ్ దగ్గరే ఉంది. ఒక జిల్లాలో నెట్‌వర్కు 24 గంటలకి మించి పనిచేయకపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకి గడువు పెంపు ఇవ్వాలని 2024 నిబంధనల్లో పెట్టారు. అడగకుండానే జమ కావాలి. ప్రకృతి విపత్తుకి మినహాయింపు ఉంది. ఒక రోజు సిగ్నలు పోతే పరిహారం ఉంది. జీవితకాలపు సమాచారం పోతే లేదు. ఇది ఏ న్యాయం?

కాబట్టి మనం అడగాల్సింది ఏమిటి? నా మాట నేను చెబుతాను, మీరు సవరించండి.

ఒకటి, 43-ఎని తొలగించే వాక్యాన్ని వెనక్కి తీసుకోవాలి. లేదా 2019 బిల్లులో ఉన్న పరిహార హక్కును కొత్త చట్టంలోకి తేవాలి. రెండు, వసూలైన జరిమానాలో సింహభాగం నష్టపోయిన వాళ్ల ఖాతాల్లోకి నేరుగా పోవాలి. ఖజానా వాటా ఆ తర్వాతే. మూడు, అత్యాచారాల నిబంధనల్లో లాగా ఒక పట్టిక ఉండాలి. ఉల్లంఘన జరిగిందని కంపెనీ ఒప్పుకున్న రోజే ప్రతి ఖాతాదారుడికి కనీసం ఒక ఏడాది రీఛార్జికి సమానమైన డబ్బు. అంతకుమించి నష్టపోయిన వాళ్లు వేరుగా అడిగే హక్కు. నాలుగు, కులం, మతం, ఆరోగ్యం బయటపడే సమాచారానికి పట్టికలో పై మెట్టు. కులాన్ని పసిగట్టే చిరునామా కూడా ఇందులోకే రావాలి. ఐదు, ఇవన్నీ ప్రభుత్వ సంస్థలకీ వర్తించాలి. గృహ నిర్మాణ సంస్థకి ఒక న్యాయం, ఫోను కంపెనీకి ఒక న్యాయం కుదరదు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఒక దారి ఇంకా తెరిచే ఉంది.

టెలిఫోను గొడవలు వినియోగదారుల ఫోరానికి రావని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్నుంచి చాలా కేసులు గుమ్మంలోనే ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో అదే సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిచింది. ఫోను కంపెనీ సేవలో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని చెప్పింది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా వాళ్లే ఇక్కడికి రావాలి. మీరు సేవకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. ఒకే నష్టం చాలామందికి జరిగితే కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకరే వేయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

అందుకు ముందుగా చేయాల్సింది ఒక్కటే. నష్టం జరిగిన రోజే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి ఆ నంబరు కాగితం మీద రాసుకోండి. అవును, కాగితం మీద. ఫోనులో మాత్రం కాదు.

మన పల్లెల్లో అంబేద్కర్ యువజన సంఘాలున్నాయి, చర్చి కమిటీలున్నాయి, డ్వాక్రా సంఘాలున్నాయి. రేపు ఏ కంపెనీ నుంచి సమాచారం పోయిందని తెలిసినా ఒక పల్లెలో ఇరవై మంది కలిసి ఒకే ఫిర్యాదు వేయగలిగితే, డెల్టాలో అలాంటి పల్లెలు పది ఉంటే, ఆ కంపెనీ వకీలు విజయవాడ రైలెక్కక తప్పదు. పరిహారం అనే మాటను చట్టం నుంచి తీసేయడం తేలికే. ఇరవై మంది సంతకాలతో కమిషన్ బల్ల మీదికి వచ్చిన ఆ మాటను తీసేయడం తేలిక కాదు.

మన వాళ్లు పనికి తగ్గ కూలి అడగడం నేర్చుకోవడానికి ఒక తరం పట్టింది. పోయిన దానికి తగ్గ లెక్క అడగడం ఈ తరం నేర్చుకోవాలి. జరిమానా సర్కారు తీసుకోనివ్వండి, దానితో మనకి పేచీ లేదు. మన వాటా మన చేతిలో పెట్టిన తర్వాత తీసుకోమందాం.

వచ్చే భాగంలో: జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు తెలుగులో ఎలా రాయాలో ఒక నమూనా.

జై భీమ్.